ఓనరు మిషన్లు అమ్మేస్తున్నాడు, మేమే కొని సంఘంగా నడుపుకోవాలంటే ఏం చేయాలి?

రాయదుర్గం టైలరక్క
ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది రాయదుర్గం. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. ముందు జేబులు, జిప్పు నా పని. మా ఓనరుకు వయసైపోయింది, కొడుకు బెంగళూరులో స్థిరపడినాడు. ఉగాది తర్వాత యూనిట్ మూసేస్తానని మొన్న అందరినీ కూర్చోబెట్టి చెప్పినాడు. మిషన్లు మీరే తీసుకుంటామంటే బయటి రేటు కంటే తగ్గించి ఇస్తానన్నాడు. ఏడు సింగిల్ నీడిల్, రెండు ఓవర్‌లాక్, ఒక ఫీడ్ ఆఫ్ ఆర్మ్, ఒక బార్‌ట్యాక్, ఒక బటన్ మిషన్. అన్నీ కలిపి మూడు లక్షల అరవై వేలు చెప్తున్నాడు.

మేం పన్నెండు మందిమి. అందులో రెండు మొగుడూపెళ్ళాల జంటలు. ఆడవాళ్ళం తొమ్మిది మంది, అందరం డ్వాక్రాలో ఉన్నవాళ్ళమే. తలా పదివేలు వేసుకోగలం. మాకు బళ్ళారి నుంచి కటింగ్ అయిన గుడ్డ పంపే వ్యాపారి ఒకాయన ఉన్నాడు. రెండు లక్షలు పెడతాను, నన్నూ సంఘంలో మెంబరుగా రాసుకోండి అంటున్నాడు. పక్క వీధిలో జిరాక్సు షాపాయన "సొసైటీ రిజిస్ట్రేషన్ నేను చేయిస్తా, పదిహేను వేలివ్వండి, సంతకాలు పెడితే చాలు" అన్నాడు.

మాలో ఇంటర్ దాకా చదివింది నేనొక్కదాన్నే. అందరూ నా మొహమే చూస్తున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఇట్లాంటి సంఘం పెట్టిన అనుభవం ఎవరికైనా ఉంటే చెప్పండి.

పెన్న ఒడ్డు
ఆదివారం, రాత్రి 9:48

అక్కా, పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాయించుకుంటే రెండు రోజుల పని. సంఘం అంటే ఆఫీసు చుట్టూ తిరగడం, ఆడిట్లు, ఎలక్షన్లు. కుట్టుపని చేసుకునేవాళ్ళకు ఆ టెన్షన్ ఎందుకు?

పాతూరు ఆడిటర్
ఆదివారం, రాత్రి 10:35

అమ్మా, ముందు ఆ జిరాక్సు షాపాయనకు డబ్బు ఇవ్వకండి. ఆయన ఏ చట్టం కింద సొసైటీ చేయిస్తానంటున్నాడో అడగండి. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఒకటి ఉంది. కాలనీ సంఘాలు, యువజన సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు దాని కింద నమోదవుతాయి. తేలికగా అయిపోతుంది కాబట్టి బయట అందరూ అదే చేయించేస్తారు. అందులో మిగులును సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు. ఏడాది కష్టపడి నాలుగు రూపాయలు మిగిలాక ఆ సంగతి తెలిస్తే ఎంత బాధగా ఉంటుందో ఆలోచించండి.

పార్ట్‌నర్‌షిప్ తేలికే. కానీ 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పుకు ప్రతి భాగస్వామీ తన సొంత ఆస్తితో సహా బాధ్యుడు. ఒకరు సంస్థ పేరు మీద చేసిన అప్పు మిగతా పదకొండు మంది ఇళ్ళ మీదికి వస్తుంది. డీడ్‌లో వేరే రాసుకోకపోతే ఒక్కరు చనిపోయినా సంస్థ రద్దయినట్టే. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములకు అది సరిపోతుంది. పన్నెండు కుటుంబాలకు నేనైతే చెప్పను.

సహకార చట్టాలు మనకు రెండున్నాయి. ఒకటి 1964 నాటిది, రెండోది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. దీన్నే అందరూ మాక్స్ అంటారు. 64 చట్టంలో ప్రభుత్వం వాటాధనం పెట్టవచ్చు, దాంతోపాటు ప్రభుత్వ అజమాయిషీ కూడా వస్తుంది. మాక్స్ సంఘంలో ప్రభుత్వ వాటా ఉండదు, పెత్తనమూ ఉండదు. ఎన్నికలు మీ పాలకవర్గమే జరుపుకోవాలి, ఆడిటరును మీ సర్వసభ్య సమావేశమే పెట్టుకోవాలి. ఇట్లాంటి చట్టం దేశంలో మొదట తెచ్చింది మన రాష్ట్రమే. మీకు కొత్తేమీ కాదు కూడా. మీ డ్వాక్రా గ్రూపుల పైన మండల సమాఖ్య ఉంది కదా, అది మాక్స్ చట్టం కింద నమోదైనదే. ఒకసారి పోయి వాళ్ళ బైలా పుస్తకం, అంటే సంఘం నియమాల పుస్తకం, అడిగి చూడండి. మక్కికి మక్కి దించుకోవద్దు, ఎట్లా ఉంటుందో తెలుస్తుందని చెప్తున్నాను.

వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది కావాలి. మీరు పన్నెండు మంది, రెండు జంటలను ఒక్కో కుటుంబంగా లెక్కేస్తే కుటుంబాలు సరిగ్గా పది. అంటే ఒక్క ఇల్లు వెనక్కి తగ్గినా దరఖాస్తు ఆగిపోతుంది. దారాలు కత్తిరించేవాళ్ళు, ఇస్త్రీ చేసేవాళ్ళు, ప్యాకింగ్ వాళ్ళు ఉంటారు కదా, వాళ్ళను కూడా లెక్కలోకి తీసుకోండి. వాళ్ళూ కార్మికులే.

ఎమ్మిగనూరు నేతన్న మనవడు
సోమవారం, ఉదయం 6:15

టైలరక్కకు ధైర్యం చెప్దామని రాస్తున్నాను. మా ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టినారు. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. మా తాత ఆ సంఘం మగ్గం మీదే నేసేవాడు. నూలు అప్పు కోసం షావుకారు అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడే పని తప్పిందని చెప్పేవాడు. కూలి రేటు కంటే ముందు ఆయనకు గుర్తొచ్చేది అదే.

ఇంకోటి. ఇండియన్ కాఫీ హౌస్ పేరు వినే ఉంటారు. కాఫీ బోర్డు వాళ్ళు హోటళ్ళు మూసేసి పనివాళ్ళను ఇంటికి పంపేస్తుంటే, కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ వెన్నుదన్నుగా నిలబడితే, 1957లో ఆ వెయిటర్లు, వంటవాళ్ళే సహకార సంఘాలు కట్టుకుని వాటిని తీసుకున్నారు. ఇప్పటికీ నడుస్తున్నాయి. మీ కథ కూడా అట్లాంటిదే.

ధర్మవరం మగ్గం
సోమవారం, ఉదయం 7:02

నా అనుభవం చెప్తాను, చేదుగా ఉంటుంది.

పేరు వద్దు గానీ, మా వైపు ఒక చేనేత సంఘంలో మా నాయన మెంబరు. పుస్తకంలో రెండు వందల పైన పేర్లు ఉండేవి. మగ్గం గుంటలో దిగి నేసేవాళ్ళు అందులో సగం కూడా లేరు. మిగతావాళ్ళు పట్టు వ్యాపారులు, వాళ్ళ చుట్టాలు, ఎలక్షన్ల ముందు చేర్చిన పేర్లు. వాటా వంద రూపాయలు కట్టినారు కాబట్టి వాళ్ళకూ ఓటే. నేసేవాళ్ళ కూలి ఎంత ఉండాలో ఓటేసి తేల్చేది ఎవరయ్యా అంటే నేయనివాళ్ళు. ఎన్నికలు వాయిదా మీద వాయిదా పడి, చివరికి ఒక ఆఫీసరును ఇన్‌చార్జిగా వేసినారు. మా నాయన వాటా డబ్బు ఈరోజుకీ రాలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ రసీదు పచ్చబారిపోయి బీరువాలో ఉంది. పారేయడానికి మనసొప్పలేదు.

అక్కా, ఆ రెండు లక్షల వ్యాపారిని మెంబరుగా రాసుకోవద్దు. మంచోడా చెడ్డోడా అన్నది నాకనవసరం. కుట్టించుకునేవాడికి రేటు తగ్గాలి, కుట్టేవాళ్ళకు పెరగాలి. ఆ ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుంటే రేటు దగ్గర మాట పెగలదు.

రాయదుర్గం టైలరక్క
సోమవారం, మధ్యాహ్నం 1:30

భోజనం టైములో రాస్తున్నాను. ధర్మవరం అన్నా, మీ నాయన సంగతి చదివి మా వాళ్ళకు వినిపించినాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కానీ ఆ రెండు లక్షలు లేకపోతే మిషన్లు ఎట్లా కొనేది? పైగా గుడ్డ పంపేది కూడా ఆయనే. కాదంటే గుడ్డ ఆపేస్తే?

కడప వకీలు
సోమవారం, సాయంత్రం 6:40

అమ్మా, మీ పోస్టులో ఒక సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మీరు పదకొండేళ్ళు పనిచేశానన్నారు. యూనిట్ మూతపడితే మీకు గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు పని వదిలేటప్పుడు ఓనరు ఇచ్చే సొమ్ము, రావాలి. పదిమంది లేదా అంతకు పైన పనిచేసిన చోట, అయిదేళ్ళు నిండినవాళ్ళకు అది హక్కు. పీసు రేటు వాళ్ళకు వర్తించదని ఓనర్లు అంటారు, ఆ మాట నమ్మకండి. పీసు రేటు వాళ్ళకు చివరి మూడు నెలల సంపాదన నుంచి రోజు సగటు తీస్తారు, ఓవర్‌టైమ్ కలపరు. ఆ రోజు కూలిని పదిహేనుతో, మళ్ళీ సర్వీసు ఏళ్ళతో గుణించాలి. రోజుకు సగటున 400 అనుకుంటే మీ పదకొండేళ్ళకు 66,000. ఎనిమిదేళ్ళు చేసినవాళ్ళకు 48,000. మీ పన్నెండు మందిదీ కూడి చూడండి, మిషన్ల ధర దగ్గరికి వచ్చినా రావచ్చు.

మీ ఓనరు మిషన్లు తగ్గించి ఇస్తానన్నాడు కదా. గొడవ పడక్కర్లేదు. లెక్క కాగితం మీద రాసి ముందు పెట్టండి. డబ్బు ఇవ్వలేనంటే మిషన్ల రూపంలో సర్దుకోవచ్చేమో మాట్లాడండి. ఒక్క జాగ్రత్త. గ్రాట్యుటీ ఎవరిది వాళ్ళ సొంత సొమ్ము. దాన్ని సంఘంలో పెట్టాలంటే ఒక్కొక్కరూ విడివిడిగా ఒప్పుకుని సంతకం చేయాలి, ఎవరి పేరున ఎంత జమ అయిందో సంఘం పుస్తకంలో రాయాలి. ముగ్గురు ఒప్పుకోకపోతే వాళ్ళది వాళ్ళకు ఇప్పించండి.

ఇక వ్యాపారి. ఆయన దగ్గర డబ్బు తీసుకోవడంలో తప్పులేదు. అప్పుగా తీసుకోండి, వడ్డీ ఎంత, ఎన్ని నెలల్లో తీర్చాలి అన్నది పత్రం మీద రాసుకోండి. లేదా జాబ్‌వర్కు, అంటే ఆయన గుడ్డను మీరు కూలికి కుట్టిచ్చే పని, మీద అడ్వాన్సుగా తీసుకుని ప్యాంటుకు ఇంత అని తెంచుకోండి. సభ్యత్వం మాత్రం వద్దు. దీనికి పన్ను కోణం కూడా ఉంది. సభ్యుల శ్రమను కలిసికట్టుగా అమ్ముకునే సహకార సంఘాల ఆదాయానికి 1961 ఆదాయపు పన్ను చట్టం 80పీ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. షరతు ఏమిటంటే ఓటు హక్కు శ్రమ చేసే సభ్యులకు, అప్పిచ్చే సహకార పరపతి సంఘాలకు, రాష్ట్ర ప్రభుత్వానికి మాత్రమే ఉండాలి, అది బైలాలోనే రాసి ఉండాలి. 2025 కొత్త చట్టంతో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి రిటర్ను వేసే మనిషిని అడగండి. రిటర్ను గడువులోపు వేయడం మాత్రం మరిచిపోవద్దు.

పెన్న ఒడ్డు
సోమవారం, రాత్రి 8:10

గ్రాట్యుటీ సంగతి నాకు తట్టలేదు, మంచి మాట చెప్పినారు. అయినా నా అనుమానం అట్లే ఉంది. ఎల్‌ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యం, ఉంది కదా, 2008 చట్టం. బాధ్యత పెట్టిన డబ్బు వరకే. ఇద్దరుంటే చాలు. ప్రొడ్యూసర్ కంపెనీ అని కూడా విన్నాను.

పాతూరు ఆడిటర్
సోమవారం, రాత్రి 9:25

ఎల్‌ఎల్‌పీ చెడ్డదేమీ కాదు. అందులో ఎవరి ఓటు ఎంత, ఎవరి వాటా ఎంత అన్నదంతా ఒప్పందం మీద ఆధారపడుతుంది. రేపు డబ్బున్న మనిషి వచ్చి ఎక్కువ పెడతానంటే ఒప్పందం మార్చేసుకోవచ్చు. మనిషికొక ఓటు అన్నది సహకార సంఘంలో పునాది, డబ్బు ఎంత పెట్టినా అది మారదు. మనిషి పోయినా, కొత్త మనిషి వచ్చినా ఆ పద్ధతి అట్లే ఉంటుంది.

ప్రొడ్యూసర్ కంపెనీలోనూ మనిషికొక ఓటే. పదిమంది ఉత్పత్తిదారులు, కనీసం అయిదుగురు డైరెక్టర్లు కావాలి. రైతులకు, చేనేత, హస్తకళలు, కుటీర పరిశ్రమల వాళ్ళకు అది. బళ్ళారి గుడ్డకు కూలి కుట్టే యూనిట్ అందులో ఇమడాలంటే వాదన చేసుకోవాలి. పైగా కంపెనీ అంటే ఏటేటా ఆన్‌లైన్ ఫారాలు, ఆలస్యమైతే రోజువారీ ఫైను. పన్నెండు మంది టైలర్లు ఆ ఖర్చు మోయడం కష్టం.

గుంతకల్లు అకౌంట్స్
సోమవారం, రాత్రి 10:05

జీఎస్టీ గురించి చెప్తాను. మీది జాబ్‌వర్కు, అంటే సేవ కిందికి వస్తుంది. ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. దుస్తుల జాబ్‌వర్కుకు 5 శాతం. ప్యాంటుకు 70 రూపాయలు అనుకుని నెలకు 26 రోజులు లెక్కేస్తే, రోజుకు 92 ప్యాంట్లు కుట్టినప్పుడు ఏడాదికి 20 లక్షలు దాటిపోతుంది. పన్నెండు మంది లైనుకు 92 పెద్ద లెక్క కాదు. కాబట్టి మొదటి ఏడాదే రావచ్చు, ముందే సిద్ధంగా ఉండండి.

ఇంకొక చిక్కుంది. గుడ్డ బళ్ళారి నుంచి వస్తోంది, అంటే కర్ణాటక నుంచి ఆంధ్రకు. మామూలుగా 50 వేల లోపు సరుకుకు ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం, అక్కర్లేదు అనుకుంటారు. వేరే రాష్ట్రం నుంచి జాబ్‌వర్కుకు పంపే సరుకుకు విలువతో పనిలేదు, ఈ-వే బిల్లు ఉండాల్సిందే. డెలివరీ చలానా కూడా. మీ వ్యాపారి ఇన్నాళ్ళు ఆటోలో వేసి పంపించి ఉంటే, ఇక కుదరదని చెప్పండి. దారిలో బండి ఆపితే మీ పని వారం రోజులు ఆగుతుంది.

పనివాళ్ళు పదిమందికి చేరితే ఈఎస్‌ఐ, ఇరవైకి చేరితే పీఎఫ్ చూసుకోవాలి. ఈఎస్‌ఐ ఖర్చు అనుకోకండి, జబ్బు చేసినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

చెన్నేకొత్తపల్లి రైతుబిడ్డ
మంగళవారం, ఉదయం 5:50

మా ప్రాంతంలో తింబక్తు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ తోడ్పాటుతో రైతులు కట్టుకున్న ధరణి సంఘం మాక్స్ చట్టం కిందే నమోదైంది. రైతులు నడిపే సంఘం, మీది కార్మికుల సంఘం, తేడా ఉంది. కానీ ఒకసారి వచ్చి చూసిపోండి, రాయదుర్గం నుంచి పొద్దున బయల్దేరితే చూసుకుని రాత్రికి ఇల్లు చేరవచ్చు.

నేను వేరే ఒక చిన్న పొదుపు సంఘంలో మూడేళ్ళు లెక్కలు రాసినాను. చట్టం మా మెడకు ఎప్పుడూ చుట్టుకోలేదు. చుట్టుకున్నది బైలా. ఎవరిదో బైలా తెచ్చి పేరు మార్చి సంతకాలు పెట్టేసినాం. రెండో ఏడాది ఒకామె పెళ్ళి చేసుకుని హిందూపురం పోతూ తన వాటా అడిగింది. బైలాలో చూస్తే పాలకవర్గం నిర్ణయం ప్రకారం అని ఉంది. పాలకవర్గం రెండుగా చీలింది. ఆమె ఏడుస్తూ పోయింది, ఆమెతోపాటు ఇంకో నలుగురు పోయినారు. ఎన్ని నెలల్లో, ఎంత, లోటు ఉంటే ఎట్లా అని మూడు లైన్లు రాసుకుని ఉంటే సరిపోయేది.

మాక్స్‌లో బైలా అంటే మీ రాజ్యాంగం. సభ్యురాలు ఎవరు, ఎన్ని రోజులు పని చేయకపోతే ఓటు పోతుంది, కొత్తగా వచ్చినవాళ్ళను ఎన్ని నెలలకు చేర్చుకోవాలి, జీతానికి పెట్టుకున్న మనిషిని ఎన్నాళ్ళు అట్లే ఉంచవచ్చు, అన్నీ మీరే రాసుకోవాలి. చివరిది చాలా ముఖ్యం. పండగ గిరాకీకి ఆరుగురిని కూలికి పెట్టుకుని, వాళ్ళను ఎప్పటికీ సభ్యులు చేయకపోతే, అయిదేళ్ళకు మీ పన్నెండు మందీ ఓనర్లయిపోతారు.

పాతూరు ఆడిటర్
మంగళవారం, ఉదయం 8:30

చెన్నేకొత్తపల్లి తమ్ముడు చెప్పినదానికి ఒక లెక్క కలుపుతాను. ప్యాంటుకు 70 వస్తుందనుకోండి. పీసు కూలీలన్నీ కలిపి 46. దారం, సూదులు, ఆయిల్ 6. అద్దె, కరెంటు 8. మిగిలేది 10. ఈ పదీ మీ కూలి కాదు, సంఘం మిగులు. ఇది శనివారం శనివారం పంచేసుకుంటే మొదటిసారి మోటారు కాలిపోయిన రోజు చేతిలో చిల్లిగవ్వ ఉండదు. మిషన్ల నిధికి 3, లోటు భర్తీ నిధికి 2 తీసిపెట్టి, మిగతా 5 ఏడాది చివర పంచుకోండి. పంచేటప్పుడు వాటా ఎంత ఉందని చూడకండి, ఏడాదిలో ఎవరు ఎంత పని చేశారని చూడండి. లోటు వచ్చిన ఏడాది సభ్యులే భరించాలి, ఏ లెక్కన భరిస్తారో కూడా బైలాలో ఉండాలి. ఈ మాట మొదటే అందరి చెవినా వేయండి.

బండిల్ చీటీలు పారేయకండి. ఎవరు ఏ బండిల్ ఏ ఆపరేషన్ చేశారో ఇప్పటికే రాస్తారు కదా, రేపు మిగులు పంచడానికి అదే మీ లెడ్జర్.

రాయదుర్గం టైలరక్క
ఆదివారం, రాత్రి 10:50

వారం ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఈ వారం రోజులు చాలా జరిగినాయి.

గ్రాట్యుటీ లెక్క కాగితం మీద రాసి మంగళవారం ఓనరు ముందు పెట్టినాం. చేతులు వణికినాయి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివినాడు. పన్నెండు మందిలో అయిదేళ్ళు నిండినవాళ్ళం ఏడుగురం, మొత్తం 3,12,000 తేలింది. కొడుకుతో ఫోన్లో మాట్లాడి, మిషన్లన్నీ మీకే ఇచ్చేస్తాను, 48,000 ఇవ్వండి చాలు, రాసిద్దామన్నాడు. ఏడుగురిలో ఆరుగురం ఒప్పుకున్నాం. ఒకామె కూతురి కాలేజీ ఫీజు కోసం తన 42,000 డబ్బుగానే కావాలంది. అది ఆయన ఇస్తానన్నాడు, ఆ మేరకు మేం కట్టేది 90,000 అయింది. మేం పన్నెండు మందిమీ తలా పదివేలు వేస్తే అది తీరిపోగా ముప్పై వేలు చేతిలో ఉంటుంది.

బళ్ళారి ఆయనకు మెంబరు సంగతి కుదరదని చెప్పడానికి నేనూ, మా బార్‌ట్యాక్ అన్నా పోయినాం. ముందు మొహం ముడుచుకున్నాడు. తర్వాత ఒక లక్ష అడ్వాన్సు ఇస్తా, ప్యాంటుకు 5 రూపాయలు తెంచుకుంటా అన్నాడు. అంటే ఇరవై వేల ప్యాంట్లకు తీరిపోతుంది. ఈ-వే బిల్లు తన అకౌంటెంటుతో తీయిస్తానన్నాడు.

నిన్న రాత్రి యూనిట్‌లోనే కటింగ్ టేబుల్ చుట్టూ కూర్చుని బైలా రాసుకున్నాం. నేను చదవడం, అందరూ వినడం, అర్థం కాకపోతే ఆపడం. దారాలు కత్తిరించే పెద్దమ్మకు చదువు రాదు. సభ్యులు రాజీనామా చేసినప్పుడు అన్న దగ్గర ఆపి, "నేను చచ్చిపోతే రాజీనామా ఎట్లా రాయాల?" అని అడిగింది. అంతకు ముందు ఆ సంగతి మేం ఎవరం ఆలోచించలేదు. నామినీ పేరు, ఆరు నెలల్లో వాటా డబ్బు, సంవత్సరం మధ్యలో అయితే అప్పటిదాకా చేసిన పనికి మిగులు కూడా ఇవ్వాలని రాసుకున్నాం. ఇస్త్రీ చేసే అన్నను, పెద్దమ్మను కూడా కలుపుకున్నాం. ఇప్పుడు పన్నెండు కుటుంబాలు, పద్నాలుగు మంది. కొత్తగా కూలికి వచ్చినవాళ్ళను తొమ్మిది నెలలకు మెంబరుగా చేర్చుకోవాలని తీర్మానించుకున్నాం. దీని మీద మాత్రం గట్టిగానే వాదన జరిగింది, ఏడాది పెట్టాలని నలుగురు ఇప్పటికీ అంటున్నారు.

మండల సమాఖ్య బైలా చూసి మా దాన్ని ఇంకోసారి సరిచూసుకుని, గురువారం అనంతపురం జిల్లా సహకార అధికారి ఆఫీసుకు పోతున్నాం. పాతూరు సార్, దరఖాస్తుతోపాటు ఏమేం తీసుకుపోవాలో చెప్పగలరా?

పాతూరు ఆడిటర్
ఆదివారం, రాత్రి 11:15

సంతకాలు చేసిన బైలా ప్రతులు, అందరి ఆధార్, ఫోటోలు, మీరు మొదటి సమావేశంలో చేసిన తీర్మానం, వాటాధనం ఎవరు ఎంత ఇచ్చారో పట్టిక. రుసుము ఎంతో కౌంటరులో అడిగి చలానా కట్టండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర, తేదీతో రసీదు తీసుకోండి. పెద్దమ్మను కూడా వెంట తీసుకురండి. నేను ఉదయం పదిన్నరకు ఆఫీసు గేటు దగ్గర ఉంటాను.

ధర్మవరం మగ్గం
ఆదివారం, రాత్రి 11:31

నేనూ వస్తాను సార్. ఆ బైలాలో వాటా తిరిగిచ్చే పేజీ ఒకసారి నా కళ్ళతో చూడాలని ఉంది.